సుగ్గి మూటలో అమానత్

మాది నందవరం. పేరు చెప్పగానే చాలామంది "బనగానపల్లె దగ్గర చౌడేశ్వరమ్మ నందవరమా?" అని అడుగుతారు. అది ఇంకో ఊరు. మాది ఎమ్మిగనూరు పక్క నందవరం. ఉత్తరాన తుంగభద్ర, చుట్టూ నల్లరేగడి. నది అంత దగ్గరున్నా మా చేలల్లో చాలావాటికి వానే దిక్కు. వాన మొహం చాటేసిన ఏడు సగం ఊరు ఖాళీ అవుతుంది. దాన్ని మా వైపు సుగ్గికి పోవడం అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంట ఇంటికొచ్చే కాలం, ఖుషీ కాలం. మా దగ్గర సుగ్గి అంటే ఇంటికి తాళమేసి గుంటూరు మిరపచేలకు కూలికి పోవడం.

పోయిన రంజాన్‌లో ఒక సాయంత్రం, ఇఫ్తార్ అయ్యాక, మా ఆపా కూతురు అమ్మీని ఒక సవాల్ అడిగింది. "నానీ, ఖాలాను చదివించినావు కదా, మా అమ్మీని ఎందుకు చదివించలేదు?"

దస్తర్‌ఖాన్ దగ్గర అందరం గప్‌చుప్ అయిపోయాం. ఆపా గిన్నెలు తీసుకుని వంటింట్లోకి పోయింది. అమ్మీ తస్బీహ్ తిప్పుతూ కూర్చుంది. పిల్ల మాత్రం జవాబు కోసం నా మొహం చూసింది, ఆ ఖాలాను నేనే కాబట్టి.

ఆరోజు నేనూ ఏం చెప్పలేకపోయాను. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది, ఆ జవాబు ఒక్క మా ఇంటిది కాదు. దాని వెనక మా ఇలాఖా తారీఖ్ మొత్తం ఉంది. అది రాసుకుందామనే ఇది మొదలుపెట్టాను.

మా ఇలాఖా కొత్తగా వలస నేర్చుకున్నది కాదు. ఆదోనిలో షాహీ జామియా మసీదు చూసినవాళ్లకు సిద్దీ మసూద్ ఖాన్ పేరు తెలిసే ఉంటుంది. 17వ శతాబ్దంలో బీజాపూర్ ఆదిల్‌షాహీల తరఫున ఆదోనిని ఏలిన మనిషి. హబ్షీ ఖాందాన్ వాడు, అంటే సముద్రం అవతలి ఆఫ్రికా నుంచి దక్కన్‌కు వచ్చినవాళ్ల నసల్. తర్వాత మొఘలులు, ఆసఫ్‌జాహీలు వచ్చారు. 1800లో నిజాం ఈ నేలను కంపెనీకి రాసిచ్చేశాడు, దత్తమండలాలయ్యాయి. ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆలూరు, రాయదుర్గంతో పాటు ఇటు వచ్చింది. మేం ఇంట్లో దక్కనీ, బజార్లో తెలుగు, నది దాటితే కన్నడం మాట్లాడేది అందుకే. ఎవరో ఒకరు వస్తూ, ఎవరో ఒకరు పోతూ ఉన్న నేల ఇది.

అయితే నవాబుల రాకపోకలు రాసినంత వివరంగా మా ఆడవాళ్ల రాకపోకలు ఎవరూ రాయలేదు. అవి దాదీల నోట్లోనే ఉన్నాయి.

మా దాదీకి తన దాదీ చెప్పిన కిస్సా ఒకటుంది. ధాత కరువులో, అంటే 1876-78 నాటి పెద్ద కరువులో, మా ఇంటి ఆడవాళ్లు రాళ్లు కొట్టే పనికి పోయారట. మద్రాసు రాజధానిలో ఆ కరువు అందరికంటే ఎక్కువ దెబ్బ కొట్టిన జిల్లాల్లో బళ్లారి, కర్నూలు ఉన్నాయి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి, కరువు పనిలో ఉన్న మగ మనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం, ఒక అణా చాలన్నాడు. ఆడవాళ్లకు, పిల్లలకు ఇంకా తక్కువ. పని కావాలంటే ఊరికి దూరంగా శిబిరాలకు పోయి అక్కడే ఉండాలనే షరతు చాలాచోట్ల పెట్టారు. అలా పోయిన మా ఇంటి ఆడపిల్ల ఒకతె తిరిగి రాలేదట. రోగమొచ్చి పోయిందో, ఎవరైనా తీసుకుపోయారో తెలియదు. ఆమె పేరు కూడా ఎవరికీ యాద్ లేదు. కానీ మా ఇంట్లో ఆడపిల్ల మగ్రిబ్ అజాన్ తర్వాత గడప దాటితే, "శిబిరంలో పోయినట్టు పోతావ్" అనేది దాదీ. శిబిరం ఏమిటో నాకు అప్పుడు తెలియదు. భయం మాత్రం తెలిసింది.

కరువు పోయింది, ఖౌఫ్ మిగిలింది. అసలు కారణం మరిచిపోయాక కూడా ఆ ఖౌఫ్ తల్లి నుంచి బిడ్డకు వస్తూనే ఉంది. కొన్ని తరాలయ్యాక దాన్నే మనం రివాజ్ అంటాం. ఇంకొన్నాళ్లకు "మన మజహబ్‌లో అంతే" అంటాం.

మా అమ్మీ సుగ్గికి పోయిన మొదటి ఏడు నాకు ఆరేళ్లు. మేస్త్రి వచ్చి అడ్వాన్సు ఇచ్చిపోయాడు. అడ్వాన్సు తీసుకున్నాక పోకుండా ఉండే రాస్తా లేదు. లారీలో ముప్పై నలభై మందిమి. బోయ, కురువ, మాదిగ ఇళ్లవాళ్లతో పాటు దూదేకుల వాళ్లు, మాలాంటి షేక్ ఇళ్లవాళ్లు. అమ్మీ కట్టిన మూట నాకింకా కళ్ల ముందుంది. జొన్నపిండి సంచి, ఎండుమిరప కారం, రెండు గిన్నెలు, ఒక టార్పాలిన్, జానమాజ్, అబ్బా పాత చొక్కాలు. ఆపా స్కూలు సంచి ఆ మూటలో లేదు. ఆపాకు అప్పుడు పదకొండేళ్లు. నన్ను, తమ్ముణ్ని చూసుకోవడానికి ఆమె రావాలి. ఆ ఏడు వదిలిన బడి మళ్లీ పట్టుకోలేకపోయింది.

మిరపచేనులో బుర్ఖా నడవదు. అమ్మీ చీర మీద అబ్బా ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకునేది. ఘాటు తగలకుండా అక్కడి ఆడకూలీలందరూ అలాగే తొడుక్కుంటారు, హిందువులైనా, మనమైనా. అమ్మీ ఆ చొక్కాను నవ్వుతూ 'మేరా పర్దా' అనేది. ఆపాకూ ఒకటి తొడిగింది. ఊళ్లో పర్దా పేరుతో గొడవపడే మనుషులు గుంటూరు చేలో ఆ చొక్కాను చూస్తే ఏమంటారో అనుకుంటాను ఇప్పుడు.

రాత్రి చేను గట్టున డేరా. తలుపు లేదు, తాళం లేదు, దీపం లేదు. బహిర్భూమికి చీకట్లోనే పోవాలి. అమ్మీ డేరాలో కొన్ని కాయిదాలు పెట్టింది. ఆపా ఒంటరిగా నీళ్లకు పోకూడదు. మేస్త్రి పిలిస్తే అమ్మీ జవాబివ్వాలి, ఆపా కాదు. మగ్రిబ్ తర్వాత ముగ్గురం అమ్మీకి, టార్పాలిన్‌కు మధ్య పడుకోవాలి. ఆమె నిద్రలో కూడా ఆపా చున్నీ కొంగు పిడికిట్లో పట్టుకునేది. "బేటీ అమానత్ హై" అనేది. అమానత్ అంటే మీకు తెలుసు కదా, ఎవరో దాచమని ఇచ్చిన సొమ్ము. మనది కాదు. ఒక గీత పడకుండా తిరిగి అప్పజెప్పాలి.

ఆ మాటలో మొహబ్బత్ ఎంత ఉందో, హడావుడి కూడా అంతే ఉంది. దాచడం కష్టమైన చోట అమానత్‌ను ఎంత త్వరగా అప్పజెప్పేస్తే అంత మేలు అనిపిస్తుంది. 2004లో ఆపాకు పదిహేనేళ్లు. ఈడొచ్చిన పిల్లను మళ్లీ డేరాకు తీసుకుపోవడానికి అమ్మీకి ధైర్యం చాలలేదు. ఊళ్లో వదిలేద్దామంటే దాదీ మంచాన పడి ఉంది. సుగ్గి లారీ రావడానికి మూడు వారాల ముందు ఆపా నిఖా అయింది. ఆ ఏటి సుగ్గి అడ్వాన్సే నిఖా ఖర్చు.

కానూన్ ఉండలేదా? ఉంది. ఆడపిల్ల పెళ్లికి 14 ఏళ్లని 1929 శారదా చట్టం పెట్టింది. 1978లో దాన్ని 18 చేశారు. 2006లో బాల్యవివాహాల నిషేధ చట్టం వచ్చింది. మన షరియత్‌లో కూడా ఖియార్-ఉల్-బులూగ్ అని ఒక హఖ్ ఉంది. చిన్నతనంలో పెద్దలు చేసిన నిఖాను ఈడొచ్చాక ఒప్పుకోనని చెప్పే హఖ్ అది. ముస్లిం వివాహాల రద్దు చట్టం 1939లోనే దాన్ని కాగితం మీద పెట్టింది. పదిహేనేళ్ల లోపు పెళ్లి చేయబడిన అమ్మాయి, కాపురానికి పోకముందైతే, పద్దెనిమిది నిండేలోపు ఆ నిఖాను కాదనవచ్చు. మా నందవరంలో ఆపాకు ఆ మాట చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. నిఖా చదివించినవాళ్లు వయసు అడగలేదు. ఊళ్లో ఎవరికీ అది గునాహ్‌లా అనిపించలేదు. బిడ్డను బచాయించుకున్న తల్లిగానే అమ్మీని చూశారు.

ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే ఇప్పటికీ నా చెయ్యి ఆగుతుంది. డేరా నుంచి తప్పించడానికి చేసిన నిఖా ఆపాను రెండు నెలల్లో డేరాకే పంపింది. అత్తగారింటివాళ్లూ సుగ్గికి పోయేవాళ్లే. కొత్త జంట అంటే మేస్త్రికి రెండు కూలీ చేతులు. ఆ ఏడు మేం ఒక చేనులో, ఆపా వాళ్లు రెండు ఊళ్ల అవతల ఇంకో చేనులో. ఆదివారం సంతలో కనిపించింది. అదే అబ్బా చొక్కా, మోచేతుల దాకా మిరప మంట, కళ్లు ఎర్రగా. అమ్మీ ఆమెను పక్కకు తీసుకుపోయి చేతులకు ఆముదం రాసింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. డేరాకొచ్చాక అమ్మీ ఇషా నమాజులో చాలాసేపు సజ్దాలో ఉండిపోయింది.

అప్పుడు ఆమె ఖయాలాత్ మారాయని నేను చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అట్లా అనిపించడం లేదు. ఆమె ఖయాల్ అదే, అమానత్. మారింది దాన్ని ఎక్కడ దాచాలనే లెక్క.

2004లోనే కేంద్ర ప్రభుత్వం కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు మొదలుపెట్టింది. ఆడపిల్లల చదువు వెనకబడిన మండలాల్లో హాస్టల్ బడులు. నాలుగింట మూడొంతుల సీట్లు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు, మిగిలినవి పేదింటి పిల్లలకు. మా వైపు తెరిచాక ఒక టీచరమ్మ మా ఇంటికొచ్చింది. అమ్మీ ఆమెను చదువు గురించి ఒక్క మాట అడగలేదు. గోడ ఎంత ఎత్తుంది, గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, రాత్రి ఆడమనిషి ఉంటుందా, మరుగుదొడ్డి లోపలా బయటా, పిల్ల నమాజ్ చేసుకుంటే ఏమైనా అంటారా, గోష్త్ హలాల్‌దేనా. అన్నీ అడిగి, ఒకరోజు వచ్చి కళ్లారా చూసుకుని, 2006లో నన్ను ఆరో క్లాసులో వదిలిపోయింది. గోష్త్ సంగతి తేలలేదు. "గుడ్డు తిను, గోష్త్ ఇంటికొచ్చినప్పుడు తిందువు" అంది.

కొన్ని రోజులు నేను ఏడ్చాను. అమ్మీ సుగ్గికి పోయింది. ఆ ఏడు ఆమె డేరాలో ఎవరి చున్నీ కొంగూ పట్టుకోకుండా నిద్రపోయిందని తర్వాత చెప్పింది.

ఆపాను పదిహేనేళ్లకు అత్తారింటికి, నన్ను పన్నెండేళ్లకు హాస్టలుకు పంపిన అమ్మీ ఒక్కతే, ఆమె అకీదా ఒక్కటే. మధ్యలో వచ్చింది తాళం ఉన్న ఒక గేటు. అందుకే, మన తల్లులు జాహిల్‌లు కాబట్టి బిడ్డలను చదివించలేదు అని ఎవరైనా రాస్తే నాకు కోపమొస్తుంది. మన దీనే అలాంటిది అంటే ఇంకా కోపమొస్తుంది. మా లారీలో ఉన్న బోయ ఇళ్ల, మాదిగ ఇళ్ల తల్లులు కూడా ఈడొచ్చిన కూతుళ్లకు అలాగే పెళ్లిళ్లు చేశారు. వాళ్లు అమానత్ అనలేదు, పరువన్నారు. డేరా ఒకటే, భయం ఒకటే.

భయమే కాదు, బాజార్ కూడా ఉంది. మా జిల్లాలో హైబ్రిడ్ పత్తి విత్తనాల సాగు పెరిగినప్పుడు క్రాసింగ్ పనికి చిన్న ఆడపిల్లలనే ఏరుకున్నారు. సాయంత్రం పూమొగ్గ ఒలిచి, పొద్దున పుప్పొడి అద్దాలి. చిన్న వేళ్లయితే పువ్వు నలగదన్నారు, పిల్లలకైతే కూలి తక్కువిస్తే సరిపోతుంది. అడ్వాన్సు తల్లికి, పని బిడ్డకు. మా వైపు నుంచి అలా పోయిన పిల్లలు ఏడెనిమిదేళ్ల వాళ్లు కూడా ఉన్నారు. 2011 జనగణన నాటికి కర్నూలు జిల్లాలో స్త్రీల అక్షరాస్యత సగం కూడా దాటలేదంటే దాని వెనక ఈ పత్తి, ఈ మిరప రెండూ ఉన్నాయి.

తల్లి వలసలో ఇంకో తరీఖా ఉంది. రాయచోటి వైపు మన ఇళ్లలో అది మామూలు. అక్కడ తల్లి బిడ్డను వెంట తీసుకుపోదు, బిడ్డను నానీ దగ్గర వదిలి కువైట్‌లో ఇంటి పనికి పోతుంది. పది పాస్ కాని, ముప్పై ఏళ్లు నిండని ఆడమనిషిని ఇంటి పనికి గల్ఫ్ పంపడానికి మన సర్కారు నిబంధనలు ఒప్పుకోవు. ఆడవాళ్ల హిఫాజత్ కోసమే పెట్టారు. కానీ లెక్కేసి చూడండి. మన ఇళ్లలో ముప్పై దాటిన తల్లికి కూతురు ఎంతుంటుంది? పది, పన్నెండు. బిడ్డకు తల్లి ఎక్కువ కావాల్సిన వయసులోనే తల్లి విమానమెక్కుతుంది. ఒకప్పుడు క్యాసెట్టులో మాట రికార్డు చేసి ఊరికి పోయేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు. ఇప్పుడు వీడియో కాల్. పద్ధతి మారింది కానీ మాటలు అవే: తలమీద దుపట్టా వేసుకో, నానీ మాట విను, బయట తిరగొద్దు. దూరమున్న తల్లి తన కళ్లతో చూడలేదు కాబట్టి మాటతో కట్టేస్తుంది. తను పోయిన రోజు ఊరు ఎట్లుందో ఆమె మనసులో అట్లే ఉంటుంది. కూతురి ఊరు మాత్రం ముందుకు పోతుంటుంది. లండన్‌లో, అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లలో తల్లీకూతుళ్లకు పడేది కూడా చాలాసార్లు ఈ తగాదానే.

ఇంకో మాట. తల్లుల లెక్కలు సర్కారు లెక్కలను బట్టి కూడా మారతాయి. 2015లో దుల్హన్ అని 50 వేలు ఇచ్చారు. 2022లో షాదీ తోఫా పేరుతో మన ఆడపిల్లలకు లక్ష రూపాయలన్నారు, అయితే పెళ్లికూతురికి 18 నిండాలి, దుల్హా దుల్హన్ ఇద్దరూ పది పాసై ఉండాలన్నారు. ఆ షరతు విని "టెన్త్ అయ్యేదాకా ఆగుదాంలే" అన్న తల్లులను నేను చూశాను. పైసల కోసం ఆగినా సరే, ఆగారు. ఆ ఆగిన రెండు మూడేళ్లలో పిల్లకు నోరొస్తుంది.

నోరొస్తే ఏమవుతుందో మా ఆదోని మండలం పెద్దహరివాణం పిల్ల చూపించింది. పది మంచి మార్కులతో పాసైన ఆ అమ్మాయికి ఇంట్లో పెళ్లి తలపెడితే, వద్దని అధికారుల దాకా పోయింది. ఆస్పరి కస్తూర్బాలో చేరింది. 2024లో ఇంటర్ మొదటి ఏడాది 440కి 421 తెచ్చుకుంది. ఆమె ముస్లిం కాదు. అయినా ఆ రోజు పేపర్ చూసి మా ఆపా ఆ ఫోటో కత్తిరించి కూతురి పుస్తకంలో పెట్టింది.

ఇప్పుడు సుగ్గికి పోయే ఇళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెడుతున్నారు. తల్లి తిరిగొచ్చేదాకా పిల్లలు ఊళ్లోనే తిని, పడుకుని, చదువుకుంటారు. అవి తెరవడం పదిహేను రోజులు ఆలస్యమైతే లారీ ముందే వెళ్లిపోతుంది, పిల్లలూ వెళ్లిపోతారు. నేను ఇప్పుడు టీచరుగా ఆ లారీలను చూస్తుంటాను. తల్లులకు లెక్చర్ ఇవ్వను. గోడ, గేటు, తాళం సంగతి చెప్తాను. ఆ తర్వాతే చదువు సంగతి.

ఇక ఆ రంజాన్ సవాల్. ఈద్ దాటి మూడో రోజు అమ్మీ నా మేనకోడల్ని దగ్గర కూర్చోబెట్టుకుంది. "మీ అమ్మను దాచే చోటు దొరకలేదు నాకు. దొరికినాక మీ ఖాలాను దాచినా. మీ అమ్మకు నేను బాకీ ఉన్నా. నువ్వు బాగా చదువు, కొంచెమైనా తీరుతుంది" అంది.

ఆపా వంటింట్లోంచి బయటికొచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ అమ్మీ ముందే నిలబడింది. ఇరవై ఏళ్లలో ఆమె అమ్మీకి ఎదురు చెప్పడం నేను చూడలేదు.

"నాకున్న బాకీ దాని నెత్తిన పెట్టొద్దు అమ్మీ. అది దాని కోసం చదువుకుంటుంది."

అమ్మీ తల దించుకుంది. ఆపా నా వైపు తిరిగి, ఏదో మామూలు మాట అడిగినట్టు అడిగింది.

"ఓపెన్ స్కూల్లో టెన్త్ కట్టాలంటే ఫారాలు ఎప్పుడిస్తారు?"